చేతులు లేని ముప్పైమంది

ఏప్రిల్ 4

ఒప్పేసుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఐదు నిమిషాలు ఒక్కదాన్నే నవ్వుకున్నాను, పిచ్చిదానిలా.

బొమ్మలు వేసినవాళ్ళ గురించి బొమ్మల పుస్తకమట. వెయ్యేళ్ళ కిందటివాళ్ళ నుంచి మొన్నమొన్నటివాళ్ళ దాకా, అన్ని దేశాలవాళ్ళూ, అన్ని పద్ధతులవాళ్ళూ. మందుమొక్కల పుస్తకానికి ఆకులు గీసినాయన, రాజుగారి వేటలు గీసినాయన, చెక్క అచ్చులాయన, పురుగుల్ని పెంచి మరీ వాటి బొమ్మలు వేసిన ఇల్లాలు, పత్రికల్లో మంత్రుల ముక్కులు సాగదీసినాయన, నల్ల కాగితం కత్తిరించి కథలు చెప్పినావిడ. ఎడమ పేజీలో వాళ్ళ కథ, కుడి పేజీలో నేను వేసే వాళ్ళ బొమ్మ. మొత్తం ముప్పైమంది.

ముప్పయ్యో పేరు నాది. ఎడిటరమ్మ అది చివర్లో చెప్పింది, తాంబాళంలో పెట్టి ఇచ్చినట్టు. అడ్డగీత కింద రెండు చుక్కలు, నా సంతకం, చిన్నప్పుడు వాళ్ళింట్లో ప్రతి పుస్తకంలోనూ ఉండేదట. "మీరు లేకుండా ఈ లిస్టు ఏంటి మేడమ్" అంది. ఆ పిల్ల వయసు ముప్పై ఉంటుందేమో. మాట మాత్రం ఎంత చక్కగా వచ్చో!

"అందర్నీ పని చేసుకుంటూ చూపించాలి మేడమ్. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు."

"అదెంత పనమ్మా" అన్నాను.

గిన్నెలు కడుగుతుంటే తట్టింది. పని చేసుకుంటూ అంటే చేతులు కనపడాలి. ముప్పైమందికి అరవై చేతులు.

ఇక్కడ రాస్తే ఎవరు చూడొచ్చారు. నాకు చేతులు వెయ్యడం రాదు. మొహాలు వస్తాయి, నడకలు వస్తాయి, చెట్టూ చేమా గొడ్డూ గోదా అన్నీ వస్తాయి. చేతులు చెల్లి వేసేది. అది వెళ్ళి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నేను ఒప్పుకున్నవన్నీ జంతువుల కథలే. కుందేళ్ళకి వేళ్ళు ఎవడు లెక్కపెడతాడు?

ఏప్రిల్ 7

మొదటాయన అయిపోయాడు. మందుమొక్కలాయన. పాపం, సగం మొక్కల్ని ఎప్పుడూ చూడకుండానే, వైద్యులు చెప్పిన గుర్తుల్ని బట్టి గీశాడట. ఆయన ముందు పెద్ద కుండీ పెట్టాను. చేతులు కుండీ వెనక. మొక్కని పట్టుకున్నాడని ఎవరైనా అనుకుంటారు.

ఏప్రిల్ 9

రెండో ఆయనకి చలి వేసింది. చేతులు దుప్పట్లో ఉన్నాయి.

ఏప్రిల్ 10

మూడో ఆయన ఆలోచిస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని.

ఏప్రిల్ 13

పురుగుల ఇల్లాలు. ఆవిడ బల్ల నిండా పూలే పూలు, పూల నిండా గొంగళ్ళు. చేతులు పూల కింద ఎక్కడో ఉన్నాయి. ఎంత తెలివి నాది! ఇలా అయితే జూలై చివరికి హాయిగా అయిపోతుంది.

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. పాలవాడికి "రేపు వద్దు" అన్నాను. అది మాట్లాడినట్టే అనుకుంటే, మాట్లాడాను.

ఏప్రిల్ 16

బైండింగ్ మాస్టారు అట్టలు ఇవ్వడానికి పైకి వచ్చారు. కింది వాటాలో నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్న మనిషి. ఆయనకి డెబ్భై ఎనిమిది, నాకు అరవై ఒకటి. అయినా నేను పెద్దమ్మాయినే, చెల్లి చిన్నమ్మాయే.

గోడకి ఆరబెట్టిన బొమ్మల్ని ఒకటొకటీ చూసుకుంటూ పోయారు. కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ మొదటినుంచి చూశారు.

"ఏం పెద్దమ్మాయ్, వీళ్ళందరికీ ఒకేసారి చలిజ్వరం వచ్చిందా?"

"కూర్పు అంటారు మాస్టారూ దాన్ని."

"అంటారేమోలే. మనకేం తెలుసు, జిగురు రాసుకునేవాళ్ళం." టీ ఊదుకున్నారు. "చిన్నమ్మాయి ఉంటే..."

"లేదుగా."

"లేదనుకో."

కిటికీ పక్క టేబుల్ వైపు చూశారు. చెల్లి టేబుల్. దాని మీద నా పాత పత్రికల దొంతర్లు ఉన్నాయి, ఎక్కడ పెట్టను మరి? "వెలుతురంతా వాటి మీద పడి వేస్టయిపోతోంది" అంటూ మెట్లు దిగారు.

చెల్లి తనంతట తనే వెళ్ళింది. ఎవరూ పొమ్మనలేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 25

రాజుగారి వేట బొమ్మలాయన కోసం లైబ్రరీలో ఒక పాత పుస్తకం తీయించాను. బొమ్మ కింద అంచులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసుంది. భూతద్దం పెట్టి చూశాను. నాకు ఆ లిపి రాదు. లైబ్రరీ ఆవిడ చదివి చెప్పింది. గీతలు ఫలానా ఆయన, మొహాలు ఫలానా ఆయన, రంగులు ఫలానా ఆయన. ఆ రాజుగారి కొలువులో ప్రతి బొమ్మ కిందా ఒక గుమాస్తా అలా రాసి పెట్టేవాడట.

"ముగ్గురా!" అన్నాను.

"ఒక్కోదానికి నలుగురు కూడా ఉన్నారు" అంది.

ఎడిటరమ్మ లిస్టులో మాత్రం గీతలాయన పేరొక్కటే ఉంది. నాకెందుకు? ఇచ్చిన పేరు వేస్తాను. ఆ గుమాస్తాకి వేరే పని లేకపోయింది, అంతే.

మే 2

చెక్క అచ్చులాయన. ఈయన గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి, ఆ గీతల వెంబడే ఇంకొకతను చెక్కేవాడు. చెక్కడం అయ్యేసరికి గీసిన కాగితం మిగలదు, ఉలికింద పొట్టయిపోతుంది. అంటే ఇన్నేళ్ళూ మనం చూసి అబ్బో అంటున్న గీతలు ఆ చెక్కినవాడివి.

పుస్తకంలో చెక్కినవాడి పేరు లేదు. ఎవరికీ తెలియదట.

ఆ కాలం చొక్కాల చేతులు పొడుగ్గా ఉండేవి. దేవుడి దయ.

మే 6

ఎడిటరమ్మ ఫోన్ చేసింది. పంపిన ఎనిమిది బొమ్మలూ చూశారట.

"మొహాలు ఇప్పుడే మాట్లాడేలా ఉన్నాయి మేడమ్."

"సంతోషం అమ్మా."

"ఒక్క డౌట్. ఏమీ అనుకోరుగా? ఆఫీసులో అందరం నేలమీద పరిచి చూశాం. ఎవరికీ చేతులు లేవు."

"ఉన్నాయమ్మా. కనపడవు, అంతే."

"బొమ్మలు వేసేవాళ్ళ పుస్తకం కదా మేడమ్. ఒక్కరి చేతిలోనైనా కుంచె కనపడాలి కదా."

"అది నా శైలి" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట!

తరవాత చాలా మర్యాదగా, "మీ పాత పుస్తకాల్లో చేతులే నాకు బాగా గుర్తు మేడమ్. కుమ్మరి కథలో ఆ మట్టి చేతులు. ముసలమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంటుంది కదా, ఆ వేళ్ళు. అవి చూసే ఈ పనిలోకి వచ్చాను నేను. అలాంటివి కావాలి. ఎనిమిదీ మళ్ళీ వేస్తారా?"

వేస్తానన్నాను. రాదని చెప్పలేదు. వెయ్యలేకపోతే ఈ పుస్తకం ఇంకొకరికి పోతుంది, ముప్పయ్యో పేజీ కూడా దాంతోపాటే పోతుంది. ఈ వయసులో ఇలాంటిది మళ్ళీ ఎవరిస్తారు నాకు?

మే 7

కుమ్మరి చేతులు. ముసలమ్మ వేళ్ళు. నా మొహాలు ఆ పిల్లకి గుర్తుకూడా లేవు కాబోలు.

మే 10

నాలుగు రోజులుగా ఇదే పని. ఎడమచేతిని బల్లమీద పెట్టుకుని చూస్తూ వేశాను. మొదటిరోజు వేళ్ళు క్యారెట్లలా వచ్చాయి. నాలుగోరోజుకి వేళ్ళలాగే వచ్చాయి. ఎంత మురిసిపోయానో! మందుమొక్కలాయనకి రెండు చేతులూ పెట్టి, కుంచె ఇచ్చి, కాఫీ కలుపుకొచ్చి చూసుకుంటే ఆయనకి రెండూ ఎడమచేతులే.

కుడిచేతిని ఎలా చూడను? అది గీస్తూ ఉంటుంది కదా. అద్దం తెచ్చాను. అద్దంలో ఎడమచెయ్యి కుడిలా కనపడుతుంది, బాగానే ఉంది. కానీ దానికి కుంచె పట్టడం రాదు. గరిటె పట్టినట్టు పట్టుకుంది. ఫోన్‌తో కుడిచేతిని ఫొటో తీసి చూసి వేశాను. గ్లవ్స్ కొట్లో వేలాడదీసినట్టు వచ్చింది.

ఎదురుగా ఇంకో మనిషి కూర్చుంటే గాని కుడిచెయ్యి వెయ్యలేం. ఎంత చిన్న సంగతి ఇది! చెల్లి ఎప్పుడూ నా పక్కకి తిరిగి కూర్చునేది. నా పని నేను చేసుకుంటుంటే, "కదలకు అక్కా, ఒక్క నిమిషం" అనేది. "నీలా ఖాళీగా లేను" అని కసిరేదాన్ని.

మే 13

ఇవాళ ఒక్క బొమ్మా వెయ్యలేదు. పక్షుల పుస్తకం ఆయన గురించి చదువుతూ కూర్చున్నాను. అప్పట్లో పుస్తకాలకి రంగు అచ్చు లేదు. నల్లగీతలు అచ్చువేసి, రంగు చేత్తో పూసేవాళ్ళు. పొడుగాటి బల్ల, దాని చుట్టూ అమ్మాయిలు. ఒకమ్మాయి ఎరుపు మాత్రమే, పక్కమ్మాయి నీలం మాత్రమే, కాగితం చేతులు మారుతూ పోతుంటుంది. రోజంతా ఎరుపు పూసిన అమ్మాయి ఎవరో ఎక్కడా లేదు.

సరే. రాసేస్తాను.

ఆరేళ్ళ కిందట మా పుస్తకానికి బహుమతి వచ్చినప్పుడు పేపరు నుంచి ఒకావిడ వచ్చింది. "ఇంత పని ఒక్కరే ఎలా చేస్తారండీ?" అని అడిగింది. ఆ "ఒక్కరే" నాకు తియ్యగా ఉంది. నేను అన్నాను: "ఇంట్లో చెల్లెలు ఉందిగా. రంగులు కలిపి పెడుతుంది, కుంచెలు కడుగుతుంది."

చెల్లి అప్పుడు వంటింట్లో ఆవిడకి టీ పెడుతోంది.

పేపరు వచ్చిన రోజు దాన్ని పైకే చదివింది, ఒక్కసారి, వార్తలు చదివినట్టు. మడిచి పెట్టింది. అప్పుడు చేస్తున్న పుస్తకంలో మిగిలిన నాలుగు బొమ్మలూ వారంలో పూర్తి చేసింది. బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడి, "కుంచెలు కడిగి పెట్టాను అక్కా" అంది. నేను దాన్ని సాగనంపడానికి మెట్లు కూడా దిగలేదు. నాలుగు రోజుల్లో కోపం తగ్గి అదే వస్తుందనుకున్నాను.

మే 14

రంగులు కలిపేది అన్నది అబద్ధమేమీ కాదు. కలిపేదిగా.

మే 15

పైన రాసింది చదివితే నామీద నాకే అసహ్యం వేసింది.

మే 20

మణికట్టు వాచింది. చేతులు వేసీ వేసీ చెయ్యి పోయింది. ఆసుపత్రికి వెళ్తే, ఎముకల డాక్టరు చూసి వ్యాయామాల గదికి పంపాడు.

ఆ గదిలో వరసగా కుర్చీలు, గోడకి ఒక పెద్ద చార్టు. చెయ్యి మూయడం, తెరవడం, వేళ్ళు విప్పడం, బొటనవేలు తిప్పడం, మొత్తం పన్నెండు బొమ్మలు. నా వంతు వచ్చేదాకా వేరే పని లేక చూస్తూ కూర్చున్నాను. మొదట అసూయ వేసింది. ఎవరో ఏమి వేశారమ్మా! మెటికల మీద ముడతలు కూడా ఊపిరి తీసుకుంటున్నాయి. రెండోసారి చూస్తే చిటికెనవేలు పై కణుపు దగ్గర కొంచెం బయటికి వంగి ఉంది. పన్నెండింట్లోనూ.

నా కుడి చిటికెనవేలు అలా వంగి ఉంటుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు తలుపులో పడి నలిగింది. తలుపు వేసింది చెల్లి. వేలు నాది, ఏడుపు దానిది. మా అమ్మ ఎవర్ని ముందు ఎత్తుకోవాలో తెలియక ఇద్దర్నీ చెరొక తిట్టూ తిట్టింది.

"నాలుగో బొమ్మలో ఉన్నట్టు పెట్టండమ్మా" అంది వ్యాయామాల డాక్టరు. పెట్టాను. ఆ పిల్ల చార్టునీ నా చెయ్యినీ మార్చి మార్చి చూసింది. "అచ్చం అలాగే! మొదటిసారే ఇంత కరెక్టుగా ఎవ్వరూ పెట్టలేదు."

"ఇవి ఎవరు వేశారమ్మా?"

"మంగళవారాలు ఒకావిడ వస్తారండీ. పేషెంట్లకి అర్థమయ్యేలా వేసిస్తారు."

"కింద పేరు లేదేం?"

"అడిగాం. చేతుల బొమ్మలకి పేరెందుకండీ అన్నారు."

ఇవాళ మంగళవారమే. కారిడార్ చివరిదాకా వెళ్ళాను. ఒక గది తలుపు వారగా తీసి ఉంది, లోపల ఎవరో దగ్గారు. దాని దగ్గే. వెనక్కి తిరిగి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లమీద నుంచి వచ్చేశాను. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?

మే 21

అటక మీద నుంచి మా పుస్తకాలన్నీ దించాను. యాభై రెండు. రాజుగారి చిటికెనవేలు వంకర. కుమ్మరిది వంకర. సూదిలో దారం ఎక్కించే ముసలమ్మది, దొంగది, పిల్లకి జడ వేసే తల్లిది. ముప్పై ఏళ్ళు నా చేతినే వేసింది. నేను మొహాలు మాత్రమే చూసుకున్నాను.

మే 22

కిటికీ దగ్గర కూర్చుని నా చెయ్యి నేను చూసుకున్నాను. చాలాసేపు.

మే 26

ఎడిటరమ్మ ముప్పయ్యో పేజీకి తను రాసింది పంపింది, సరిచూడమని. బాగా రాసింది. నా గొప్ప చదువుకుంటూ సగందాకా వచ్చాను. అక్కడ ఉంది:

"గీత కింద రెండు చుక్కలు ఏమిటని అడిగితే, 'అవి నా రెండు కళ్ళు' అని ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పారు."

ఆ పేపరావిడకే చెప్పాను ఇది కూడా. రాయకుండా దాటేశాను మే 13న. రాయకపోతే లేనట్టేననుకున్నాను. రంగులు కలుపుతుందన్నందుకు కాదు అది వెళ్ళింది. ఆ మాటకి నవ్వేసేది అది, ఇంకా నన్ను ఏడిపించేది కూడా. ఆ చుక్కల్లో ఒకటి అది. మొదటి పుస్తకం చేతికొచ్చిన రోజు, అట్ట ఆరకుండానే నేనొక చుక్క, అదొక చుక్క పెట్టాం. మాస్టారి ముందే పెట్టాం. జిగురు డబ్బా చేతిలో పట్టుకుని ఆయన చూస్తూ నిలబడ్డారు.

ఆ చుక్కని తీసుకెళ్ళి నా కంట్లో పెట్టుకున్నాను. ఈ ఆరేళ్ళూ కుందేళ్ళ కిందా నక్కల కిందా రెండు చుక్కలూ నేనే పెడుతున్నాను.

మే 27

మాస్టారి దగ్గరికి దిగాను. నేను కిందికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో! పురికొస అంతా పక్కకి జరిపి స్టూలు వేశారు.

"చెల్లి ఎక్కడుంటోంది మాస్టారూ?"

"ఆసుపత్రి వెనక సందులో. రెండు గదులు. పైన నీళ్ళ ట్యాంకు."

"మీకు ముందే తెలుసా?"

"నెలకోసారి వెళ్ళొస్తాను. డ్రాయింగ్ పుస్తకాలు కుట్టిస్తుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా పెద్దమ్మాయ్."

ఫోన్ నంబరు ఒక అట్టముక్క మీద రాసిచ్చారు. నా కళ్ళు తడయ్యాయి. చూడనట్టు దారానికి మైనం రుద్దుతూ కూర్చున్నారు.

మే 30

ఫోన్ చేశాను. మూడు రింగులకి ఎత్తింది.

"హలో."

ఆరేళ్ళ తరవాత విన్నాను ఆ గొంతు. కొంచెం బొంగురు పోయింది. నేనే అని చెప్పబోయి, "ఇది... బట్టల ఇస్త్రీ షాపా అండీ?" అన్నాను.

"కాదండీ" అంది. పెట్టేయలేదు. నేనే పెట్టేశాను.

నా గొంతు దానికి తెలియదా? తెలిసే ఉంటుంది. ఇస్త్రీ షాపట! సిగ్గులేని మొహం, సిగ్గులేని మొహం.

జూన్ 2

ఫోన్ చేతకాదు నాకు. నాకు చేతనైంది ఒకటే. ముందు ఎడిటరమ్మతో మాట్లాడాను, మనసు మారకముందే.

"ఆ రెండు చుక్కలు నా కళ్ళు కాదమ్మా. నేనూ, మా చెల్లీ. నీకు గుర్తున్న చేతులన్నీ అది వేసినవి. నాకు చేతులు రావు. నా శైలి అన్నది కూడా అబద్ధమే."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"మేడమ్... బహుమతి మీ ఒక్కరి పేరు మీదే కదా ఇచ్చారు."

"అవును."

"ఇది పుస్తకంలో వేస్తే నలుగురూ నాలుగు మాటలు అంటారు. మిమ్మల్నే అంటారు."

"అననీ. బహుమతి అడిగితే తిరిగిచ్చేస్తాను. ఆ షీల్డు కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకోవడానికే ఉంది, ఇంకో రాయి వెతుక్కుంటాను."

"ఒకవేళ మా వాళ్ళు ముప్పయ్యో పేజీయే వద్దంటే?"

ఆ పేజీ నాకు కావాలి. ఇన్నేళ్ళలో ఏదీ ఇంతలా కోరుకోలేదు. "వద్దంటే తీసెయ్యి. అబద్ధం మాత్రం వెయ్యకు" అన్నాను.

"ఆ పేజీ మీరే రాసి పంపండి" అంది చివరికి. గొంతు మారింది, కోపమో ఏమో తెలియలేదు. "ఇంకో మాట మేడమ్. బొమ్మలకి చేతులు మాత్రం కావాలి."

జూన్ 5

ముప్పయ్యో బొమ్మ వేశాను. ఈ గదే. రెండు టేబుళ్ళు, కిటికీ, ఇద్దరం. చెల్లి మొహం గుర్తుతెచ్చుకోనక్కర్లేకపోయింది. ఆరేళ్ళు కలిపి జుట్టులో కొంచెం తెలుపు పెట్టాను, నాకెంత పెట్టానో అంత.

నాలుగు చేతులూ వేశాను. కుండీలు లేవు, దుప్పట్లు లేవు. ఎంత అధ్వానంగా వచ్చాయో అంత అధ్వానంగానూ వదిలేశాను.

రాత ఇది: "మొహాలు అక్కవి. చేతులు చెల్లెలివి. రంగులు ఏవి ఎవరివో ఇద్దరికీ గుర్తులేదు. గీత కింద ఎడమ చుక్క అక్క, కుడి చుక్క చెల్లెలు. అవి తన కళ్ళని అక్క ఒకసారి చెప్పింది. అది అబద్ధం. చెల్లెలు కుంచెలు కడుగుతుందని కూడా చెప్పింది. అది నిజం, కానీ దాన్ని చెప్పిన తీరు తప్పు. చేతులన్నిటికీ నమూనా అక్క చెయ్యి. ఆ సంగతి అక్కకి అరవై ఒకటో ఏట తెలిసింది."

ఆ పాత గుమాస్తాలాగే రాశాను. అతను మంచివాడు, ఊరికే ఆడిపోసుకున్నాను.

సంతకం దగ్గర గీత గీసి ఎడమ చుక్క పెట్టాను. కుడివైపు ఖాళీగా ఉంచాను. కాపీ తీయలేదు, అసలు బొమ్మనే మాస్టారికి ఇచ్చాను. తీసుకెళ్ళి దాని చేతికే ఇమ్మన్నాను.

"ఏమైనా చెప్పమంటావా?"

"ఏమీ వద్దు."

జూన్ 6

ఏమీ లేదు.

జూన్ 7

మాస్టారు ఇచ్చారట. తీసుకుని తలుపు వేసుకుందట.

జూన్ 9

ఏమీ లేదు. మెట్లమీద చప్పుడైతే నాలుగుసార్లు తలుపు తీశాను. ఒకసారి పిల్లి.

జూన్ 11

ఇక రాదు. రాకపోయినా నేను చెప్పాల్సింది చెప్పాను. చెప్పినందుకు తేలికగా ఉండాలి కదా, ఎందుకు లేదు మరి?

జూన్ 12

మాస్టారు పొద్దున్నే పైకి వచ్చారు, ఆయాసపడుతూ, అట్టల మధ్య పెట్టి కట్టిన పొట్లంతో. నా బొమ్మే. విప్పబోయి ఇంకా బిగించాను. మాస్టారే ముడి తీశారు.

నేను వేసిన చేతుల చుట్టూ ఎర్రపెన్సిల్‌తో సున్నాలు చుట్టింది, బళ్ళో టీచర్లా. నా కుడిచేతి దగ్గర బాణం గుర్తు వేసి, "చిటికెనవేలు తిన్నగా వేశావేం? నీ వేలు నీకే తెలియదా?" అని రాసింది. దాని చేతుల దగ్గర, "నాకు రెండూ ఎడమచేతులే పెట్టావు కదే!"

సంతకం దగ్గర చూశాను. కుడి చుక్క పెట్టలేదు.

వెనకవైపు ఇంకో నాలుగు ముక్కలు ఉన్నాయి.

"చుక్క ఇంత దూరం నుంచి పెట్టను. శనివారం వస్తాను. మిగిలిన ఇరవై తొమ్మిదిమందికీ చేతులు కావాలటగా, మాస్టారు చెప్పారు. నా టేబుల్ ఖాళీ చేసి పెట్టు. కుంచెలు నువ్వు కడుగు. ఇస్త్రీకి బట్టలేమైనా ఉంటే అవీ అప్పుడే తీసుకుంటాలే."

మాస్టారి ముందే ఏడ్చాను, నవ్వాను. ఏది ముందో చెప్పలేను.

జూన్ 13, శుక్రవారం

పత్రికల దొంతర్లన్నీ కిందికి చేరవేశాను. మాస్టారు అట్టలకి వాడుకుంటారట. టేబుల్ తుడిచాను. దాని కింద సొరుగులో దాని పాత పెన్సిల్ ముక్క ఒకటి దొరికింది, నోట్లో పెట్టుకుని కొరికిన పళ్ళ గుర్తులతో. అక్కడే ఉంచాను.

తరవాత కుంచెలు. మొత్తం పదిహేడు. ఆరేళ్ళుగా ఊరికే నీళ్ళలో ముంచి తీస్తున్నానని అవి చూస్తేనే తెలుస్తోంది, వెంట్రుకల మొదట్లో రంగు గట్టిపడి కూర్చుంది. సబ్బు పెట్టి, అరచేతిలో తిప్పి తిప్పి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాను. ఒక్కోదానికి పావుగంట పట్టింది. ఇది రోజూ చేసేది అది. ముప్పై ఏళ్ళు.

దాని టేబుల్ మీదికి పదింటికి ఎండ వస్తుంది. రేపు ఆ వెలుతురులో చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. ఈసారి కదలను.